27వ ఎత్తు దగ్గరే కొంప మునిగింది

నమస్తే అండీ, కావలి నుంచి. ఈసారి నేను ఓడిపోయిన గో ఆట చూద్దాం. గో అంటే గీతల బోర్డు మీద రాళ్లు పెడుతూ, ఎదుటివాడి రాళ్లను చుట్టుముట్టి పట్టుకునే ఆట. గెలిచినవి పెడితే నాకు ఆనందమే గానీ, మీకు చూపించడానికి వాటిలో ఏమీ ఉండదు.

నల్లరాళ్లు నావి. తెల్లరాళ్లు ఒంగోల్లో చదువుకునే మా మేనల్లుడివి. అడ్డం 19, నిలువు 19 గీతల పెద్ద బోర్డు. మొదట ఇద్దరం మూలలు పంచుకున్నాం, అదంతా తిప్పేస్తున్నా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నాలుగో ఎత్తులో వాడు కింద కుడిమూల చుక్క మీద రాయి పెట్టాడు.

ఇదిగో, 27. పైన ఎడమవైపు నా రాళ్లను విడదీస్తూ ఒక తెల్లరాయి దూరింది. అటారి ఇచ్చా. అంటే ఇంకొక్క ఎత్తు పడితే ఆ రాయి నాదే. వాడు పక్కనే ఇంకో రాయి పెట్టి తప్పించుకున్నాడు, మళ్లీ అటారి. ఇలా మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగుతుంది కాబట్టే దీన్ని లాడర్ అంటారు. పదిహేడు అటారీలండీ! వాడేమో టకటకా వేసేస్తున్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దా?

60వ ఎత్తు. తెల్లరాళ్లు వెళ్లి వెళ్లి ఆ మూల రాయితో కలిశాయి. ఇక పట్టుకోలేను. పైగా తరిమినంత దూరం నా రాళ్లు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాడు ఎక్కడ పెట్టినా ఒకేసారి రెండువైపులా అటారి. ఒకటి కాపాడితే ఇంకొకటి పోతుంది. "మామా, ఆ మూల చూసుకోలేదా?" అని ఫోన్లో ఒకటే నవ్వు.

61 తప్పు వేశాననుకున్నా. కటాగో అనే గో ఆడే కంప్యూటర్ ప్రోగ్రాంలో పెట్టి చూస్తే నా గెలుపు అవకాశాల గ్రాఫ్ 27 దగ్గరే జారింది. అది చూపించిన ఎత్తు ఇదీ: రాయికి ఆనించకుండా, ఒక గడి వదిలి మూలగా ఇక్కడ పెట్టాలి. దీన్ని నెట్ అంటారు, మన వలే. ఎటు జరిగినా దారి మూసుకుపోతుంది, అవతలి మూలతో పనే లేదు. పులిజూదంలో మేకలు పులి వెంట పడవు కదా, దారులు మూసేస్తాయి. చిన్నప్పుడు గుడి అరుగు మీద అదే ఆడినవాణ్ణి, ఇక్కడ మాత్రం వెంటపడ్డా.

ఆదివారం 27 నుంచే మళ్లీ ఆడాం. వల వేశా. వాడు ఆ రాయిని వదిలేసి వేరేచోట పెట్టాడు. చివరికి మళ్లీ వాడే గెలిచాడు, ఈసారి కో దగ్గర, అంటే ఒకే చోట ఒకరి రాయి ఒకరు మార్చి మార్చి పట్టుకునే పోరులో. అది వచ్చే వీడియోలో.