సంత ఊళ్ళో వసంతం

అందరికీ నమస్కారం. ఇవాళ మిమ్మల్ని ఇంగ్లాండులో నైరుతి కొసకి, కార్న్‌వాల్‌లోని హెల్స్టన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్తాను. మే 8వ తేదీ, ఉదయం 7 గంటలు. పెద్ద డ్రమ్ మీద దెబ్బ పడుతుంది, బ్యాండు అందుకుంటుంది, జంటలు జంటలుగా జనం చిందేస్తూ బయల్దేరతారు. వీధిలోనే తిరుగుతారనుకునేరు! ఒక ఇంటి ముందు తలుపులోంచి లోపలికెళ్ళి, పెరట్లోంచి బయటికొచ్చి, ఆ పక్కనున్న దుకాణంలో దూరి, మళ్ళీ వీధిలో తేలతారు. దీన్ని ఫర్రీ డాన్స్ అంటారు. ఆ రోజు పేరు ఫ్లోరా డే. మధ్యాహ్నం 12కి ఇంకో విడత మొదలవుతుంది. అప్పుడు మగవాళ్ళు పొడుగు టోపీలు, కోట్లు, ఆడవాళ్ళు నేలదాకా జీరాడే గౌన్లు. సాయంత్రం 5కి చివరి విడత. ఇన్ని గంటలూ వాయించేది ఆ ఊరి బ్యాండే. ఎదురుగా నోట్స్ కాగితం ఉండదు, ఆ బాణీ వాళ్ళకి నోటికొచ్చు.

ఈ తేదీకి ఒక మినహాయింపుంది. నాకు బాగా నచ్చిన విషయం అదే. మే 8 ఆదివారం గానీ సోమవారం గానీ పడితే, ఉత్సవాన్ని దానికి ముందొచ్చే శనివారం చేసేస్తారు. ఆదివారం అంటే సరే, చర్చి రోజు. మరి సోమవారం ఎందుకు కాదు? సోమవారం ఆ ఊరి సంత. ఏడాదికొక్కసారి వచ్చే పండగైనా సరే, సంత రోజు వస్తే పక్కకి తప్పుకోవాల్సిందే.

మార్కెట్ టౌన్, అంటే సంత ఊరు, అనే పేరు ఆ దేశంలో ఊరికే పుట్టలేదు. మధ్యయుగంలో ఎవరికి తోస్తే వాళ్ళు సంత పెట్టుకునే వీల్లేదు, రాజు దగ్గర్నుంచి హక్కు పత్రం రావాలి. హెల్స్టన్‌కి పట్టణ హక్కుల పత్రం ఇచ్చింది జాన్ రాజు, 1201లో. సంత ఉన్న ఊరికి చుట్టుపక్కల పల్లెలన్నీ వారం వారం వచ్చేవి. జనం చేరేది అక్కడ, ఖాళీ స్థలం ఉన్నదీ అక్కడ. ఇక ఆటా పాటా వేరే చోటికి ఎందుకు పోతాయి చెప్పండి!

తూర్పు తీరాన నార్‌ఫక్‌లో కింగ్స్ లిన్ అనే ఊరుంది. అక్కడ రెండు సంత మైదానాలు. ఒకదాని పేరు సాటర్‌డే మార్కెట్ ప్లేస్, రెండోదాని పేరు ట్యూజ్‌డే మార్కెట్ ప్లేస్. వారాల పేర్లే ఊరి పటంలో చిరునామాలైపోయాయి. ఏటా ఫిబ్రవరి 14న ఆ మంగళవారం మైదానంలో రంగులరాట్నాలు దిగుతాయి. మార్ట్ అంటారు దాన్ని. ఆ దేశంలో రంగులరాట్నాలు తిప్పుకుని బతికే కుటుంబాలకి ఏడాది అక్కడే మొదలవుతుంది. చలి ఇంకా వదలదు, అయినా పిల్లలకి వసంతం అప్పుడే వచ్చేసినట్టు.

అదే మైదానం ఒడ్డున 1854లో కట్టిన కార్న్ ఎక్స్ఛేంజ్ ఉంది. రైతులు, ధాన్యం వ్యాపారులు కలుసుకుని బేరాలాడుకునే హాలు. ఇలాంటివి 19వ శతాబ్దంలో ఇంగ్లాండు ఊళ్ళన్నిటా లేచాయి. లోపల ఎత్తైన కప్పు, పైన అద్దాలు. అందం కోసం కాదండీ, అరచేతిలో పోసుకున్న గింజ రంగు, నాణ్యం పగటి వెలుతురులో సరిగ్గా కనపడాలి. ధాన్యం వ్యాపారం వేరే దారులు పట్టాక అంత పెద్ద హాళ్ళు చాలాచోట్ల సంగీతానికి దక్కాయి. కింగ్స్ లిన్‌లోది ఇవాళ కచేరీ హాలు. గింజ కోసం కట్టిన కప్పు కింద పాట మోగుతుందన్న మాట నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న ఊరికొస్తాను. డోర్కింగ్. లండన్‌కి దక్షిణాన, సర్రీలో ఉన్న సంత ఊరు. 1905 నుంచి అక్కడ వసంతంలో లీత్ హిల్ మ్యూజికల్ ఫెస్టివల్ జరుగుతోంది. చుట్టుపక్కల పల్లెల గాయక బృందాలు వస్తాయి. పొద్దున ఒకరి మీద ఒకరు పోటీ. సాయంత్రం అవే బృందాలు ఒకే వేదికెక్కి ఒకే కచేరీ చేస్తాయి. పొద్దున ఓడిన గొంతు పక్కన గెలిచిన గొంతు, ఇద్దరి చేతిలో ఒకే పాట పుస్తకం. పోటీని ఇంత చక్కగా ముగించే పద్ధతి నేనింకెక్కడా చూడలేదు.

వీళ్ళకి పాట నేర్పి నడిపించింది ఎవరనుకున్నారు? రాల్ఫ్ వాన్ విలియమ్స్. ఆ దేశపు అతిపెద్ద స్వరకర్తల్లో ఒకాయన. పెరిగింది ఆ లీత్ హిల్ కొండ దగ్గర ఇంట్లోనే. మొదలెట్టిన 1905 నుంచి 1953 దాకా, అంటే ఆయనకి 80 ఏళ్ళు వచ్చేదాకా, ఫెస్టివల్ కండక్టర్, అంటే ఎదురుగా నిలబడి అందరిచేతా పాడించేవాడు, ఆయనే. అంత పేరున్న మనిషికి లండన్ హాళ్ళు లేవా, పెద్ద ఆర్కెస్ట్రాలు లేవా? ఉన్నాయి. అయినా వసంతం వచ్చేసరికి పగలంతా ఏవేవో పనులు చేసుకునే మామూలు మనుషుల ముందు నిలబడి పాడించాడు. 1931లో ఈ ఫెస్టివల్ కోసమే డోర్కింగ్ హాల్స్ కట్టారు. ఆ ఏటి నుంచి ఆయన జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన సెయింట్ మాథ్యూ ప్యాషన్, అంటే ఏసుక్రీస్తు ఆఖరి ఘడియల కథ చెప్పే పెద్ద బృందగానం, పాడించడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి హాలు చేజారితే సెయింట్ మార్టిన్ చర్చిలో పాడారు. ఫెస్టివల్ బాధ్యత వదిలాక కూడా ఆ ఒక్క కచేరీ మాత్రం వదల్లేదు. 1958 మార్చిలో, 85 ఏళ్ళ వయసులో, ఆఖరిసారి నడిపించాడు. ఆ ఆగస్టులోనే పోయాడు. ఇవాళ ఆ హాలు బయట ఆయన విగ్రహం ఉంది, చేతులెత్తి పాడిస్తూ.

ఆరుబయట కచేరీల మాటకొస్తే, వసంతంలో ఎక్కువగా వినపడేది బ్రాస్ బ్యాండు, అంటే ఇత్తడి ఊదుడు వాద్యాల బృందం. ఆ దేశపు వసంతం మీకు తెలిసిందే, ఎండా ఉంటుంది, చలిగాలీ ఉంటుంది. చలికి గొట్టంలోని గాలి చల్లబడితే అందులో ధ్వని నడక మందగిస్తుంది, శ్రుతి దిగుతుంది. అందుకే వాయించే ముందు చాలామంది వాద్యంలోకి ఊరికే ఊపిరి ఊదుతూ కనిపిస్తారు. అది వెచ్చబెట్టుకోవడం. చెక్క వాద్యాలకి వానా చలీ పడవు, పగుళ్ళిస్తాయి. ఇత్తడి తట్టుకుంటుంది.

తల్లిదండ్రులకి ఇంకో మాట చెప్పాలి. ఈ బ్యాండుల్లో ట్రంపెట్ లాంటి చిన్న కార్నెట్ దగ్గర్నుంచి పెద్ద బేస్ దాకా దాదాపు అన్ని వాద్యాలకీ స్వరలిపి ఒకే పద్ధతిలో రాస్తారు, వేళ్ళ పట్టు కూడా ఒకటే. పిల్ల కార్నెట్‌తో మొదలుపెట్టి, కాస్త ఎదిగాక హార్న్‌కి మారితే మళ్ళీ ఓనమాలు దిద్దక్కర్లేదు. తాతా మనవరాలూ ఒకే బ్యాండులో కూర్చోవడం వెనక ఈ సదుపాయం పాత్ర చిన్నది కాదు.

నట్స్‌ఫర్డ్ గురించి రెండు ముక్కలు. చెషైర్‌లోని ఆ ఊళ్ళో 1864 నుంచి మే డే ఊరేగింపు ఉంది. మనం అనుకునే కార్మిక దినం కాదు, వసంతపు పండగ. ఊరేగింపు దారిలో రంగు ఇసుకతో నేల మీద బొమ్మలు వేస్తారు. ముగ్గు చూస్తూ పెరిగినవాళ్ళం కదా, మన కాళ్ళు అక్కడ వాటంతటవే ఆగిపోతాయి.

ఇంగ్లాండులో ఉంటున్న మన కుటుంబాలు చాలావరకు కచేరీ అంటే లండన్ రైలెక్కుతాయి. తప్పని అనను. కానీ మీకు అరగంట దూరంలో ఉన్న సంత ఊరి చర్చి గోడ మీద అంటించిన కాగితం ఒకసారి చదవండి. జనవరి నుంచి చలి రాత్రుళ్ళలో సాధన చేసి, ఈస్టర్ దగ్గర పడేసరికి పాడటానికి సిద్ధమైన బృందం అక్కడ ఉంటుంది. 'కమ్ అండ్ సింగ్' అని కనిపిస్తే ఇంకా మంచిది. పొద్దున వెళ్ళి నేర్చుకుంటారు, సాయంత్రం మీరే పాడతారు.

హెల్స్టన్ వెళ్ళేవాళ్ళు మాత్రం పిల్లల నాట్యం వదులుకోకండి. ఉదయం 10కి కాస్త ముందే మొదలైపోతుంది. వెయ్యి మందికి పైగా బడి పిల్లలు, అందరూ తెల్లబట్టల్లో. ఆడపిల్లల జడల్లో పూలు, ఏ పువ్వన్నది వాళ్ళ బడిని బట్టి ఉంటుంది. మీ పాపని భుజాలకెత్తుకుని నిలబడండి. ఆ పువ్వు పెట్టుకున్నవాళ్ళది ఏ బడి అని పక్కనున్నవాళ్ళని అడగండి, ఊరి సంగతులన్నీ చెప్పేస్తారు.