నరం తెగితే ఒక లెక్క, వెన్నుపాము నలిగితే మరో లెక్క

(స్టూడియో చర్చలోని ప్రధాన భాగం. పాల్గొన్నవారు: వెన్నెముక శస్త్రవైద్యుడు, అణుజీవశాస్త్ర పరిశోధకురాలు, పునరావాస వైద్యుడు)

వ్యాఖ్యాత: నమస్కారం. చేతిలో నరం తెగితే కుడతారు, కొన్ని నెలలకు స్పర్శ తిరిగి వస్తుంది. వెన్నుపాము నలిగితే మాత్రం ఆశ వదులుకోమన్నట్టే మాట్లాడతారు. ఒకచోట పెరిగేది మరోచోట ఎందుకు పెరగదు మేడమ్?

పరిశోధకురాలు: తేడా నరకణంలో కొంత ఉంది, దాని చుట్టుపక్కల చాలా ఉంది. చేతి నరం తెగినప్పుడు ఆక్సాన్‌లో (నరకణం నుంచి సాగే సన్నని తీగలో) అవతలి ముక్క కొద్ది రోజుల్లో ముక్కలైపోతుంది. 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుకకు వెళ్లే నరాలను కోసి దీన్ని వర్ణించాడు. ఆ శిథిలాలను ఆక్సాన్‌ను చుట్టి ఉండే శ్వాన్ కణాలు, చెత్తను మింగేసే మాక్రోఫేజ్‌లు త్వరగా ఊడ్చేస్తాయి. తర్వాత శ్వాన్ కణాలే బారులు తీరి, కొత్తగా మొలిచే ఆక్సాన్‌కు దారి చూపుతాయి. వెన్నుపాములో అలా జరగదు. ఆక్సాన్ మీది కొవ్వు తొడుగైన మైలిన్ శిథిలాలు అక్కడే చాలాకాలం పడి ఉంటాయి. పైగా ఆ మైలిన్‌లో ఎదుగుదలను అడ్డుకొనే ప్రొటీన్లు ఉంటాయి.

వ్యాఖ్యాత: దానికి రుజువు ఉందా?

పరిశోధకురాలు: 1981లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో చేసిన ప్రయోగం ఉంది. ఎలుక కాలి నరం ముక్కను తీసి, ఒక కొసను మెదడు అడుగుభాగంలో, మరో కొసను వెన్నుపాములో అమర్చారు. పెరగవని అనుకున్న ఆక్సాన్లు ఆ ముక్కలోకి దూరి దాదాపు 30 మిల్లీమీటర్లు సాగాయి. రెండో కొస దాటి వెన్నుపాములోకి ప్రవేశించగానే కాస్త దూరంలోనే ఆగిపోయాయి.

శస్త్రవైద్యుడు: ఒక్క నిమిషం. చేతి నరం కుడితే వచ్చేస్తుందన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. అది పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మెడ దగ్గర గాయమైతే అరచేతి కండరాల దాకా చేరడానికి రెండేళ్లు పడుతుంది. కండరం అంతకాలం ఆగదు. ఏడాది, ఏడాదిన్నర నరం అందకపోతే అది చిక్కిపోతుంది, ఆ తర్వాత నరం వచ్చినా అందుకోలేదు. కుట్టు ఎంత చక్కగా పడినా ఈ లెక్క మారదు.

వ్యాఖ్యాత: మరి అలాంటివారికి మీరు ఏం చేస్తారు?

శస్త్రవైద్యుడు: పొరుగు నరం నుంచి ఒక పోగు తెచ్చుకుంటాం. 1994లో ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ ఒబెర్లిన్ ప్రచురించిన పద్ధతి ఇది. మోచేయి మడవలేని రోగికి పైచేతి లోపలివైపు తెరుస్తాం. చేతివేళ్లకు, మణికట్టుకు వెళ్లే అల్నార్ నరం అక్కడే ఉంటుంది. మైక్రోస్కోపు కింద దాని పోగులను విడదీసి, ఒక్కోదానికి కొద్దిపాటి విద్యుత్తు తగిలిస్తాం. వేళ్లు కదిలితే ఆ పోగు జోలికి వెళ్లం. మణికట్టు మాత్రమే వంగితే అది పనికొస్తుంది, ఎందుకంటే ఆ పని చేయడానికి వేరే పోగులూ ఉన్నాయి. దాన్ని కోసి, మోచేయిని మడిచే బైసెప్స్ కండరపు నరానికి కలుపుతాం. కంటికి ఆనని దారంతో మూడు నాలుగు కుట్లు, అంతే. కండరం అక్కడికి కొన్ని సెంటీమీటర్ల దూరమే, కాబట్టి గడువులోపు చేరుతుంది.

పునరావాస వైద్యుడు: ఆ తర్వాతిది మా వంతు. మొదట్లో రోగి మోచేయి మడవాలనుకుంటే ఏమీ జరగదు. మణికట్టు వంచమంటే మోచేయి లేస్తుంది! తన చేతిని చూసి తనే ఉలిక్కిపడతాడు. నెలల తరబడి సాధన చేస్తే మెదడు కొత్త లెక్క నేర్చుకుంటుంది. ఆ సాధన సరిగ్గా జరగకపోతే శస్త్రచికిత్స ఫలితం సగమే దక్కుతుంది.

వ్యాఖ్యాత: వెన్నుపాముకు వద్దాం. అక్కడ శస్త్రచికిత్స ఏం చేస్తుంది?

శస్త్రవైద్యుడు: విరిగిన ఎముక, జారిన డిస్క్ వెన్నుపామును నొక్కుతుంటే ఆ ఒత్తిడి తీసేస్తాం, ఎముకను స్క్రూలు, రాడ్లతో నిలబెడతాం. పోయిన ఆక్సాన్లను మేం తిరిగి మొలిపించలేం. కాకపోతే మిగిలినవాటిని కాపాడవచ్చు. 2012లో వచ్చిన స్టాసిస్ అధ్యయనంలో మెడ దగ్గర గాయపడిన 313 మందిని చేర్చుకున్నారు. 24 గంటల్లోపు ఒత్తిడి తీసినవారిలో 19.8 శాతం మంది ఆరు నెలలకు స్పర్శ, కదలికల కొలమానంలో కనీసం రెండు మెట్లు మెరుగయ్యారు. ఆలస్యంగా చేసినవారిలో అది 8.8 శాతం.

పరిశోధకురాలు: అందులో ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించలేదు కదా సర్. త్వరగా ఆస్పత్రికి చేరినవారికీ ఆలస్యంగా చేరినవారికీ వేరే తేడాలు కూడా ఉండవచ్చు.

శస్త్రవైద్యుడు: ఉండవచ్చు. అయితే వెన్నుపాము నలుగుతున్న మనిషిని పరిశోధన కోసం కావాలని ఒక రోజు ఆపమంటే నేను ఆపను.

పునరావాస వైద్యుడు: అలా తొందరపడి స్టెరాయిడ్ విషయంలో ఏం చేశామో కూడా చెప్పాలి. 1990లో నాసిస్ రెండో అధ్యయనం వచ్చాక, గాయమైన 8 గంటల్లోపు భారీ మోతాదులో మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఎక్కించడం ఆనవాయితీ అయింది. మేలు మొత్తం రోగులలో తేలలేదు, ఒక ఉపవర్గంలోనే కనిపించింది. ఇన్ఫెక్షన్ల ముప్పు మాత్రం పెరిగింది. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు దాన్ని వాడవద్దన్నాయి.

వ్యాఖ్యాత: సూటిగా అడుగుతాను. ప్రయోగశాలల్లో ఎలుకలు దశాబ్దాలుగా నడుస్తూనే ఉన్నాయి. మనుషులు ఎందుకు నడవడం లేదు?

పరిశోధకురాలు: (నవ్వుతూ) న్యాయమైన ప్రశ్నే. ఎలుకకు సెంటీమీటరు పెరిగితే గొప్ప, మనిషికి అది ఏ మూలకూ చాలదు. ఎలుకకు గాయం ఎక్కడ, ఎంత చేయాలో మేమే నిర్ణయిస్తాం, మందు కూడా సమయానికి ఇస్తాం. ప్రమాదంలో ఏ ఇద్దరి వెన్నుపామూ ఒకేలా నలగదు. ఎదుగుదలను అడ్డుకొనే మైలిన్ ప్రొటీన్లలో ఒకటైన నోగో కథ చూడండి. మార్టిన్ ష్వాబ్ బృందం 1990లో మైలిన్ అడ్డంకిని ప్రతిరక్షకంతో (యాంటీబాడీతో) తొలగిస్తే ఎలుకల్లో ఆక్సాన్లు పెరిగాయని చూపింది. 2000లో దాని జన్యువు తెలిసింది. ఐరోపాలో మనుషుల మీద రెండో దశ క్లినికల్ ట్రయల్ పూర్తయ్యేసరికి మరో రెండు దశాబ్దాలు దాటాయి. ప్రధాన కొలమానంలో తేడా కనిపించలేదు. గాయం అసంపూర్ణంగా ఉన్న, అంటే కొంత స్పర్శో కదలికో మిగిలినవారిలో మేలు సూచనలు ఉన్నాయంటున్నారు. దాన్ని మరో ట్రయల్‌లో నిరూపించాల్సిందే.

వ్యాఖ్యాత: మరి కణం లోపలి నుంచి పెరిగే శక్తిని తట్టిలేపితే?

పరిశోధకురాలు: 2008లో పిటెన్ అనే జన్యువును తొలగిస్తే ఎలుక కంటి నరం పెరిగింది. ఆ జన్యువు అసలు పని కణితులను అదుపులో ఉంచడం. దాన్ని మనిషిలో తీసేస్తానని ఎవరూ తేలిగ్గా అనలేరు. అందుకే నా మొగ్గు పెంచడం కంటే చావకుండా ఆపడం వైపు. 1989లో ఒక వింత ఎలుక జాతిని గుర్తించారు. దాని నరం కోస్తే తెగిన ముక్క రోజుల్లో కాకుండా వారాల తరబడి బతికింది. అంటే ఆక్సాన్ ఆకలితో చావదు, తనను తాను చంపుకొనే ఏర్పాటు దానిలోనే ఉంది. 2012లో ఆ మీట దొరికింది, పేరు సార్మ్-1. కణానికి ఇంధనం తయారు కావడానికి అవసరమైన ఎన్‌ఏడీ అనే అణువును అది ఖర్చు చేసేస్తుంది.

శస్త్రవైద్యుడు: తెగిపోయిన ముక్కను బతికించి లాభమేమిటి? అది ఎక్కడికీ కలవదుగా.

పరిశోధకురాలు: నిజమే. పైగా శిథిలాలు తొలగడం ఆలస్యమై ఆ ఎలుకల్లో నరం తిరిగి పెరగడం నెమ్మదించింది కూడా. పూర్తిగా తెగినదానికి ఇది పనికిరాదు. నలిగి ఊగిసలాడుతున్న ఆక్సాన్లకు, క్యాన్సర్ మందుల వల్ల దెబ్బతినే నరాలకు పనికిరావచ్చు.

పునరావాస వైద్యుడు: అసలు రోగులు ఏం కోరుకుంటున్నారో మనం అడుగుతున్నామా? 2004లో కిమ్ ఆండర్సన్ 681 మంది వెన్నుపాము గాయపడినవారిని అడిగి ప్రచురించారు. నాలుగు అవయవాలూ పడిపోయినవారు మొదట కోరింది చేతుల పని. కాళ్లు పడిపోయినవారిలో ఎక్కువ మంది లైంగిక సామర్థ్యాన్ని ముందు పెట్టారు. మలమూత్రాల అదుపు రెండు వర్గాలకూ ముఖ్యమే. నడక మొదటి స్థానంలో లేదు. టీవీలో చూపించేది మాత్రం ఎప్పుడూ నడకే. మీ చానల్‌తో సహా!

వ్యాఖ్యాత: ఒప్పుకుంటున్నాను. చేతుల విషయంలో ఏమైనా వచ్చిందా?

పునరావాస వైద్యుడు: వచ్చింది. మెడ దగ్గర చర్మం మీద నుంచే విద్యుత్తు పంపుతూ వ్యాయామం చేయించే పద్ధతిని 60 మంది మీద పరీక్షించి 2024లో ప్రచురించారు. 72 శాతం మందిలో చేతి బలమూ పనితీరూ రెండూ మెరుగయ్యాయి. పోల్చడానికి వేరే బృందం లేదు, ఆ లోటు ఉంది. అదే ఏడాది చివర్లో అమెరికాలో ఆ పరికరానికి అనుమతి వచ్చింది. సీసా మూత తీసుకోగలగడం చిన్న మాట అనిపిస్తుంది. పక్కవారిని పిలవకుండా నీళ్లు తాగగలగడం అది.

వ్యాఖ్యాత: ప్రేక్షకుల ప్రశ్న ఒకటి. ఎంఆర్‌ఐలో డిస్క్ ఉబ్బిందని వచ్చింది, శస్త్రచికిత్స కావాలా అని అడుగుతున్నారు.

శస్త్రవైద్యుడు: ఎంఆర్‌ఐ ఒక్కటే చూసి చెప్పలేం. 1994లో నడుమునొప్పి లేని 98 మందికి స్కాన్ చేస్తే 52 శాతం మందిలో ఏదో ఒక డిస్క్ ఉబ్బి ఉంది. లక్షణాలు, పరీక్ష కలిస్తేనే అర్థం. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి: కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం. ఇవి కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి.

వ్యాఖ్యాత: ఇంకొకరు మూలకణాల ఇంజెక్షన్ గురించి అడుగుతున్నారు.

పరిశోధకురాలు: 2014లో ప్రచురితమైన ఒక కేసు చెబుతాను. ముక్కు లోపలి పొర నుంచి తీసిన కణాలను ఒక యువతి వెన్నుపాములో అమర్చారు. ఎనిమిదేళ్ల తర్వాత నొప్పితో వచ్చింది. అక్కడ ఒక గడ్డ పెరిగింది, దానిలో ముక్కు పొరలో ఉండే కణజాలమే ఉంది, చీమిడిలాంటి ద్రవం ఊరుతోంది. నడక రాలేదు. కణం తన పని తాను చేసింది, ఎక్కడ ఉన్నదీ దానికి పట్టలేదు.

పునరావాస వైద్యుడు: కాబట్టి ఎవరైనా ఇంజెక్షన్ ఇస్తామంటే మూడు విషయాలు అడగండి. ఈ ట్రయల్ ఎక్కడ నమోదైంది? నైతిక సంఘం అనుమతి పత్రం ఏది? ఆ మీదట, పరిశోధన అంటూనే నా దగ్గర రుసుము ఎందుకు తీసుకుంటున్నారు? మూడో ప్రశ్నకు చాలాచోట్ల సమాధానం దొరకదు.