కడుపుతో ఉన్నప్పుడు పెల్విక్ నొప్పి: బెల్ట్, యూ దిండు, ఫిజియో... నా మార్కులు ఇవీ

హాయ్ అండీ, ఈరోజు రివ్యూ మొత్తం కూర్చునే చెప్తాను. 31వ వారం, పది నిమిషాలు నిలబడితే చాలు, నొప్పి మొదలవుతుంది.

ఇది ఐదో నెల చివర్లో మొదలైంది. అమీర్‌పేట మెట్రో కింద ఆటో ఎక్కుతున్నాను. ఒక కాలు లోపల పెట్టాను, రెండోది ఇంకా రోడ్డు మీదే ఉంది. తొడలు కలిసే చోట, ముందు ఎముకలో చురుక్కుమంది. అక్కడే రాడ్డు పట్టుకుని ఉండిపోయాను. ఆటో అన్న భయపడి "హాస్పిటల్‌కా అమ్మా?" అన్నాడు.

మా అత్తయ్యేమో "మాకూ వచ్చాయిలే ఇలాంటివి" అన్నారు. ఆవిడ మాటా నిజమే, ప్రతి ఐదుగురు గర్భిణుల్లో సుమారు ఒకరికి వస్తుందట. డాక్టరమ్మ దీన్ని పెల్విక్ గర్డిల్ పెయిన్, అంటే కటి ఎముకల నొప్పి అన్నారు. కటి ఎముకలకి ముందు ఒక కీలు, వెనక రెండు కీళ్లు ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి, పైన బరువు పెరుగుతుంది, మూడూ సమంగా కదలవు. బిడ్డకి దీనివల్ల ఏ హానీ లేదు. ఆ మాట వినగానే సగం టెన్షన్ పోయింది.

సరే, ఇదిగో బెల్ట్. 900 పెట్టి కొన్నాను. మొదటి వారం పొట్ట మీద కట్టుకుని "ఏం పనిచేయట్లేదు" అని తిట్టుకున్నా! ఇది పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా రావాలి, ఇలా. వంట చేసేటప్పుడు, నడిచేటప్పుడు హాయిగా ఉంటుంది. కూర్చుంటే మాత్రం గుచ్చుకుంటుంది, తీసేయాల్సిందే. మన ఎండల్లో ఒంటికి తగిలితే చెమటకి ఒరుసుకుపోతుంది కాబట్టి కాటన్ బట్ట మీదే కట్టుకోండి. పదికి ఆరు.

యూ దిండు, అంటే U ఆకారంలో ఉండే పెద్ద దిండు, 2,200. మంచంలో సగం అదే, మా ఆయన హాల్లో దివాన్ మీదకి షిఫ్ట్. ఈ నొప్పికి పక్క మారడమే నరకం, ఈ దిండుంటే ప్రతిసారీ దాన్ని కూడా దాటాలి. పదికి మూడు. ఇంట్లో ఉన్న పాత దిండే మోకాళ్ల నుంచి మడమల దాకా వచ్చేలా పెట్టుకుని, రెండు మోకాళ్లూ అతికించినట్టు ఉంచి ఒకేసారి తిరుగుతున్నాను. దానికి ఖర్చు సున్నా.

అసలు డబ్బు పెట్టాల్సింది ఫిజియోథెరపిస్ట్ దగ్గర. నాలుగు సిట్టింగులు, ఒక్కోటి 600. ఆవిడ నా రోజంతా అడిగి తెలుసుకుంది. లెగ్గింగ్ ఒంటికాలి మీద నిలబడి వేసుకుంటానా? మానేయాలి, మంచం మీద కూర్చుని వేసుకోవాలి. కింద బాసింపట్టు వేసుకుని కూరగాయలు తరగడం వద్దు. మెట్లు ఒక్కొక్కటిగా, నొప్పి తక్కువున్న కాలు ముందు పెట్టి ఎక్కాలి. కారులో మొదట సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. సీటు మీద ప్లాస్టిక్ కవర్ వేస్తే జారుడుగా తిరగొచ్చు. ఆటోలో ఇది కుదరదు, అందుకే క్యాబ్ ఖర్చు పెరిగింది! మూడేళ్ల మా వాణ్ణి చంకనేసుకోవద్దన్నప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఇప్పుడు వాడే మంచమెక్కి వచ్చి పక్కన కూర్చుంటున్నాడు. ఫిజియోకి పదికి తొమ్మిది.

మాత్రల సంగతి: మీ అంతట మీరు ఏదీ వేసుకోవద్దు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్ లాంటివి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, జ్వరం, యూరిన్‌లో మంట ఉన్నా, నొప్పి ఆగి ఆగి వస్తున్నా, బిడ్డ కదలికలు తగ్గినా అదీ పెల్విక్ నొప్పే అనుకుని పడుకోకండి. వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి.

ఇంకోటి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పడుకోబెట్టి, నొప్పి రాకుండా నా మోకాళ్లు ఒకదానికొకటి ఎంత దూరం జరుగుతాయో ఫిజియో టేపుతో కొలిచింది. కాన్పులో ఎపిడ్యూరల్, అంటే నడుములో ఇచ్చే మత్తు ఇంజెక్షన్, ఇస్తే నొప్పి తెలియదు, కాళ్లు అంతకంటే ఎక్కువ ఎడం చేసేస్తారేమోనని. ఆ కొలత ఫైల్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించుకున్నాను. ఫైల్ ఇదిగో, హాస్పిటల్ బ్యాగులో అన్నిటికంటే పైన ఉంది.