చీజ్ కంపెనీ ఆడించిన నాటకాలు

అందరికీ నమస్కారమండి. ఇంకాసేపట్లో మీరు తెర మీద 1954 నాటి అమెరికన్ టీవీ నాటకం ఒకటి చూస్తారు, దానికి ముందు నాలుగు మాటలు చెప్పమన్నారు. కంపెనీల డబ్బుతో టీవీలో ఆడిన ఈ నాటకాలంటే నాకు ప్రాణం, అందుకే మంచి ఒక్కటే చెప్పేసి కూర్చోవడం నా వల్ల కాదు.

1947 మే 7న ఎన్‌బీసీ అనే అమెరికన్ ఛానల్లో క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్ మొదలైంది. క్రాఫ్ట్ అంటే చీజ్ అమ్మే కంపెనీ, దాని పేరే ప్రోగ్రాం పేరు. ఇది రేడియో నుంచి వచ్చిన అలవాటు, మన పెద్దవాళ్ళకి బినాకా గీత్‌మాలా గుర్తుంటే వెంటనే అర్థమైపోతుంది, పాటల ప్రోగ్రాంకి టూత్‌పేస్ట్ పేరు పెట్టినట్టే ఇదీ. క్రాఫ్ట్ నాటకాల్ని తయారు చేసింది ఎన్‌బీసీ వాళ్ళు కూడా కాదు, జె. వాల్టర్ థాంప్సన్ అనే యాడ్ ఏజెన్సీ. స్క్రిప్టు ఎంచుకోవడం దగ్గర్నుంచి అంతా వాళ్ళ చేతుల్లోనే ఉండేది, ఛానల్ టైమ్ అమ్ముకునేది అంతే. తర్వాత రేడియోలు, టీవీలు చేసే ఫిల్కో వచ్చింది, టైర్ల గుడ్‌ఇయర్ వచ్చింది, స్టూడియో వన్ అనే నాటకాల ప్రోగ్రాంకి ఫ్రిజ్‌ల వెస్టింగ్‌హౌస్ వచ్చింది, చివరికి యూఎస్ స్టీల్ కూడా వచ్చింది. వారం వారం కొత్త కథ, కొత్త మనుషులు, పోయిన వారం పాత్ర ఈ వారం కనపడదు, ఆంథాలజీ అంటే అదే.

ఇంకోటి, ఇదంతా లైవ్. వీడియో టేప్ 1956 చివరికిగానీ వాడకంలోకి రాలేదు. స్టూడియోలో పక్కపక్కనే సెట్లు వేసేవాళ్ళు, ఈ సీన్ అవ్వగానే నటుడు పరిగెత్తుకెళ్ళి కోటు మార్చుకుని పక్క సెట్లో నిలబడాలి, ఊపిరి అందినా అందకపోయినా డైలాగ్ చెప్పాలి. 1955 జనవరి 12న రాడ్ సెర్లింగ్ రాసిన పాటర్న్స్ అనే నాటకం వేశారు, ఏళ్ళ తరబడి పనిచేసిన పెద్దాయన్ని బాస్ రోజూ అవమానించి నలిపేసే ఆఫీసు కథ. జనం మళ్ళీ చూడాలన్నారు, కానీ రికార్డింగ్ మళ్ళీ వేసే అలవాటు లేని రోజులు కదా, అందుకని నటుల్ని మళ్ళీ పోగేసి ఫిబ్రవరి 9న మొత్తం మొదట్నుంచీ లైవ్‌లో ఇంకోసారి ఆడారు! ఇది చదివినప్పుడల్లా నాకు మన ఊళ్ళల్లో వన్స్‌మోర్ అంటే పద్యం మళ్ళీ అందుకునే నాటకాలవాళ్ళు గుర్తొస్తారు.

చిన్న స్క్రీను, చిన్న సెట్టు, యుద్ధాలూ గుర్రాలూ చూపించే వీలు లేదు, అందుకే కెమెరా మనిషి ముఖం దగ్గరికి వెళ్ళింది. 1953 మే 24 ఆదివారం రాత్రి, ఫిల్కో, గుడ్‌ఇయర్ వంతులవారీగా స్పాన్సర్ చేసే టైములో, పాడీ చయెఫ్‌స్కీ రాసిన మార్టీ వచ్చింది. మార్టీ న్యూయార్క్ బ్రాంక్స్‌లో మాంసం కొట్టు మనిషి, పెళ్ళి కాలేదు, అందగాడు కాదు, ఇంట్లో అమ్మ పోరు, డాన్స్ హాల్లో తనలాగే ఎవరికీ అక్కర్లేని ఒక టీచరమ్మ పరిచయమవుతుంది, అంతే కథ. మార్టీ వేషం రాడ్ స్టైగర్ వేశాడు. రెండేళ్ళకి అదే కథ వేరే నటుడితో సినిమా అయ్యి ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు తెచ్చుకుంది. ఇలాంటి మామూలు మనిషి కథకి దేశమంతా కూర్చుని చూసే చోటిచ్చింది ఆ కంపెనీల డబ్బే, అది నేను ఒప్పుకుంటాను, ఒప్పుకోకపోతే అన్యాయం.

కానీ అన్నం పెట్టిన చెయ్యే నోరు కూడా మూసింది.

రెజినాల్డ్ రోజ్ 1954లో థండర్ ఆన్ సికమోర్ స్ట్రీట్ రాశాడు, తెల్లవాళ్ళ వీధిలోకి ఒక నల్లజాతి కుటుంబం వస్తే ఇరుగుపొరుగువాళ్ళు ఆ కుటుంబాన్ని వెళ్ళగొట్టాలని చూసే కథ. ప్రసారం చేసేవాళ్ళు కుదరదన్నారు, నల్లజాతి కుటుంబం తీసేసి జైలుకెళ్ళొచ్చినవాణ్ణి పెట్టాల్సొచ్చింది. తర్వాతి ఏడాది మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి పిల్లాణ్ణి తెల్లవాళ్ళు చంపేశారు, చంపినవాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. సెర్లింగ్‌కి అది తిండి పట్టనివ్వలేదనుకుంటాను, యూఎస్ స్టీల్ అవర్‌కి దాన్నుంచే ఒక నాటకం రాశాడు. మిసిసిపీ లాంటి అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి మీ సరుకు బహిష్కరిస్తామని బెదిరింపులొచ్చాయి, కంపెనీ భయపడింది, కథని అక్కడెక్కడో ఉత్తరాన న్యూ ఇంగ్లండ్‌కి మార్చారు, చనిపోయినవాడు ఎవరో ఊరూ పేరూ లేని విదేశీయుడైపోయాడు, కోకాకోలా సీసా కనపడితే దక్షిణాది గుర్తొస్తుందని సెట్లోంచి అది కూడా తీసేశారు. 1956 ఏప్రిల్ 25న ప్రసారమయ్యేటప్పటికి ఆ పిల్లాడి జాడే లేదు దాంట్లో.

అన్నిటికన్నా నన్ను కుదిపేసేది 1959 ఏప్రిల్ 16న సీబీఎస్ ఛానల్ నాటకాల ప్రోగ్రాం ప్లేహౌస్ 90లో వచ్చిన జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్. యూదుల్ని గ్యాస్ పెట్టి చంపిన నాజీల కాలానికి సంబంధించిన విచారణ అది, స్పాన్సర్లలో ఒకరు గ్యాస్ కంపెనీల సంఘం, వంట గ్యాస్ అమ్ముకునేవాళ్ళు. నటుడు గ్యాస్ అనే మాట అన్నచోట సౌండ్ కట్ చేశారు, పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఆ మాటతో లక్షలమంది పోయారండీ, పొయ్యి అమ్ముడుపోదేమోనని ఆ మాట వినపడకుండా చేశారు.

సెర్లింగ్ అదే ఏడాది అక్టోబర్‌లో ట్వైలైట్ జోన్ అనే టీవీ సిరీస్ మొదలుపెట్టాడు, తను చెప్పాలనుకున్నది వేరే గ్రహాల కథల్లో పెడితే ఎవరూ పట్టుకోరని. అప్పటికి న్యూయార్క్ లైవ్ నాటకాలు తగ్గిపోయి హాలీవుడ్‌లో ఫిల్మ్ మీద తీసే సీరియళ్ళు వచ్చేశాయి.

ఇక ఇవాళ మీరు చూసేది ట్వెల్వ్ యాంగ్రీ మెన్, 1954 సెప్టెంబర్ 20, స్టూడియో వన్. సినిమా 1957లో వచ్చింది, హిందీలో బాసు చటర్జీ ఏక్ రుకా హువా ఫైసలా అని తీశారు, మనలో చాలామంది అదే ముందు చూసుంటారు. ఇందాక చెప్పిన రెజినాల్డ్ రోజే, కోర్టు కేసులో తీర్పు చెప్పే మామూలు పౌరుల జ్యూరీలో నిజంగానే కూర్చొచ్చి రాసింది ఇది. లైవ్ వెళ్తున్నప్పుడు మానిటర్‌కి ఎదురుగా ఫిల్మ్ కెమెరా పెట్టి తీసినదాన్ని కినిస్కోప్ అంటారు, అందుకే బొమ్మ కాస్త మసగ్గా ఉంటుంది, ఏమనుకోకండి. చాలా ఏళ్ళు దీని రెండో సగం పోయిందనే అనుకున్నారు, 2003లో గానీ పూర్తి కాపీ దొరకలేదు. ఎక్కడో ఒకచోట నటుడు మాట తడబడతాడేమో, కెమెరా కదులుతుందేమో, అప్పుడు గుర్తుపెట్టుకోండి, ఆ క్షణంలో వాళ్ళకి రెండో టేక్ లేదు. బాబూ, వెనక లైట్లు తీసెయ్యండి.