పాతికేళ్లు దాటాక మొటిమలు

అందరికీ నమస్కారం.

పెళ్లయితే పోతాయి, పిల్లలు పుడితే తగ్గుతాయి అన్న మాట వినని ఆడపిల్ల ఉండదు. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా గడ్డం మీద, దవడ అంచున ముట్టుకుంటే సలిపే మొటిమలు వస్తూనే ఉంటాయి. ముఖం సరిగ్గా కడగకపోవడం వల్ల కాదివి. చర్మంలోని నూనె గ్రంథులు ఆండ్రోజన్ హార్మోన్లకు (మగ హార్మోన్లంటారు, ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి) మరీ ఎక్కువగా స్పందిస్తాయి. చాలామందికి రక్తంలో ఆ హార్మోన్లు మామూలుగానే ఉంటాయి, అందుకే రిపోర్టు బాగుందని చెప్పినా మొటిమలు ఆగవు. నెలసరికి వారం ముందు ఎక్కువవడం దీని గుర్తు.

అందరికీ పరీక్షలు అక్కర్లేదు. నెలసరి 35 రోజులు దాటి వస్తున్నా, గడ్డం మీద ముదురు వెంట్రుకలు మొలుస్తున్నా, నడినెత్తిన జుట్టు పలచబడుతున్నా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాల పని గాడి తప్పడం) ఉందేమో చూడాలి. నెలసరి వస్తుంటే హార్మోన్ల పరీక్షకు రక్తం ఇవ్వాల్సింది నెలసరి రెండు నుంచి ఐదో రోజు మధ్య. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటూ చేయించిన హార్మోన్ల పరీక్షను నమ్మడానికి లేదు. విటమిన్ బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మొటిమలు విరగకాస్తే అదీ డాక్టరుకు చెప్పండి.

ఇక మందు. డాక్టర్లు ఎక్కువగా రాసేది అడాపలీన్ 0.1 శాతం జెల్. మందు మంచిదే, వాడే తీరులోనే తేడా వస్తుంది. రాత్రి ముఖం కడిగి, తుడిచి, ఇరవై నిమిషాలు ఆగండి. తడి చర్మం మీద రాస్తే మంట. ముఖమంతటికీ బఠానీ గింజంత చాలు. నుదురు, ముక్కు, రెండు బుగ్గలు, గడ్డం మీద ఐదు చుక్కలు పెట్టి పల్చగా పరచాలి. కళ్ల దగ్గర, పెదవుల మూలల్లో వద్దు. మొటిమ మీద మాత్రమే అద్దడం అందరూ చేసే పొరపాటు. ఇది రాబోయే మొటిమను ఆపే మందు, వచ్చినదాన్ని మాడ్చేది కాదు. మొదటి రెండు వారాలు రోజు మార్చి రోజు, పైన మాయిశ్చరైజర్. మూడో వారంలో మొటిమలు కాస్త పెరగొచ్చు. సరిగ్గా అప్పుడే చాలామంది ట్యూబు పారేస్తారు. ఫలితం తేల్చుకోవడానికి పన్నెండు వారాలు కావాలి. పై పెదవికి వ్యాక్సింగ్ చేయించుకునే ముందు వారం రోజులు ఆపండి, లేదంటే రోమాలతోపాటు తోలూ లేస్తుంది.

ఉదయం రాసుకునేది మొటిమల క్రిములను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్. పది శాతం వాడితే మంటే పెరుగుతుంది గానీ పని పెద్దగా పెరగదు. ఇది తగిలితే రంగు చున్నీ, దిండు గలీబు వెలిసిపోతాయి. తెల్ల తువ్వాలు వాడుకోండి.

అసలు గట్టిగా చెప్పాల్సింది "తెల్లబడే క్రీము" గురించి. ట్యూబు వెనక బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మోమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నియమం వచ్చినా, అడిగితే దొరుకుతూనే ఉంది. మూడు రోజుల్లో ఎరుపు తగ్గి ముఖం నిగనిగలాడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి ఎర్రటి నరాలు కనిపిస్తాయి, రోమాలు మొలుస్తాయి, ఒకే సైజు పొక్కులు గుంపుగా లేస్తాయి. ఆపితే మంట, రాస్తే హాయి. ఆ ఉచ్చులో పడ్డవాళ్లు సొంతంగా ఆపేయకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ముందే డాక్టరుకు చెప్పండి. అడాపలీన్, డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్), స్పైరోనోలాక్టోన్ అప్పుడు వద్దు; అజెలాయిక్ ఆమ్లం క్రీము వాడొచ్చు. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినన్నాళ్లూ, మానేశాక నెల వరకూ గర్భం రాకూడదు. స్పైరోనోలాక్టోన్ నిజానికి బీపీ మాత్ర. రోజుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఇస్తే దవడ మొటిమలకు బాగా పనిచేస్తుంది, కానీ ఫలితం కనిపించడానికి మూడు నెలలు ఆగాలి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పనికిరాదు.

మిగిలేవి మచ్చలు. అద్దం ముందు పక్క నుంచి వెలుతురు పడేలా నిలబడి చూడండి. వెలుతురులో నీడ పడితే అది గుంట, పడకపోతే వట్టి రంగు. రంగు మచ్చ సన్‌స్క్రీన్ రాసుకుంటూ గిల్లకుండా ఉంటే నెలల్లో పల్చబడుతుంది. గుంట ఏ క్రీముకూ పూడదు. దానికి చికిత్స కొత్త మొటిమలు రావడం ఆగాకే.