పీహెచ్‌డీ థీసిస్‌లో మొదటి అధ్యాయం: స్వేల్స్ నమూనా మనకు ఎంతవరకు పనికొస్తుంది? | రివ్యూ

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు మొదటి అధ్యాయం దగ్గర నెలలకొద్దీ ఆగిపోవడం చూస్తూనే ఉన్నాను. డేటా చేతిలో ఉంటుంది, ఇంటర్వ్యూలు అయిపోయి ఉంటాయి, ‘పరిచయం’ అని పేరు పెట్టిన ఫైలు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఎలా రాయాలి అని అడిగితే చాలాచోట్ల వచ్చే సమాధానం ఒకటే: ‘మన డిపార్ట్‌మెంట్‌లో పాత థీసిస్ ఒకటి తీసి చూసుకో.’ ఆ పాత థీసిస్ రాసినవాళ్లూ అంతకన్నా పాతది చూసే రాసి ఉంటారు. అందుకే ఈ రోజు మొదటి అధ్యాయం రాయడానికి ప్రపంచమంతా నేర్పే ఒక పద్ధతిని రివ్యూ చేద్దాం. దాని పేరు కార్స్ (CARS) నమూనా, అంటే ‘క్రియేట్ ఎ రీసెర్చ్ స్పేస్’, మన పరిశోధనకు చోటు చేసుకోవడం. తయారుచేసినవారు జాన్ స్వేల్స్.

స్వేల్స్ బ్రిటన్‌కు చెందిన భాషాశాస్త్రవేత్త. సూడాన్‌లోని ఖార్టూమ్ విశ్వవిద్యాలయంలో, బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్‌లో, తర్వాత అమెరికాలోని మిషిగన్‌లో పనిచేశారు. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులకు చదువుకు, పరిశోధనకు కావలసిన ఇంగ్లీషు నేర్పడంలోనే ఆయన ఎక్కువ కాలం గడిపారు. కాబట్టి ఈ పద్ధతి మనలాంటి వాళ్లను ఎదురుగా పెట్టుకుని పుట్టిందే. 1981లో ఆయన 48 పరిశోధన వ్యాసాల పరిచయ భాగాలను విడదీసి చూశారు. ఫిజిక్స్, జీవశాస్త్రం–వైద్యం, సామాజిక శాస్త్రాలు, ఇలా వేర్వేరు రంగాల వ్యాసాలవి. రంగం ఏదైనా రచయితలు దాదాపు ఒకే దారిలో నడుస్తున్నారని గమనించారు. ఆ దారిని 1990లో తన పుస్తకంలో మూడు అడుగులుగా స్థిరపరిచారు.

మొదటి అడుగు, మీ విషయం ఏ నేల మీద ఉందో చూపించడం. అది ఎందుకు ముఖ్యం, అందులో ఇప్పటివరకు ఏం తెలుసు. రెండో అడుగు, ఆ నేలలో ఇంకా ఎవరూ నిలబడని చోటు చూపించడం. మూడో అడుగు, ఆ చోట్లో మీరు నిలబడటం. అంటే ఈ పరిశోధన ఏం చేస్తుందో చెప్పడం. అంతే. వినడానికి మరీ తేలికగా ఉంది కదా. నిజమైన ఉదాహరణ మీద పెట్టి చూస్తేనే దీని బలం తెలుస్తుంది.

1928 మార్చి 31న ‘నేచర్’ పత్రికలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కలిసి రాసిన చిన్న లేఖ అచ్చయింది. మన విశాఖపట్నంలో పెరిగిన రామన్‌కు రెండేళ్ల తర్వాత నోబెల్ తెచ్చిన ఆవిష్కరణకు సంబంధించిన లేఖ అది. దాని మొదటి పేరా చూడండి. ఎక్స్ కిరణాలు చెదిరినప్పుడు రెండు రకాల కిరణాలు వస్తాయని భౌతిక శాస్త్రవేత్త కాంప్టన్ చూపించారు. దాన్ని ఒక విధంగా అర్థం చేసుకుంటే మామూలు వెలుతురులోనూ రెండు రకాలు కనిపించాలి అని రామన్, కృష్ణన్ అన్నారు. ఇది మొదటి అడుగు. మరి నిజంగా అలా ఉందో లేదో పరీక్షించడం అవసరం అన్నారు. ఇది రెండోది. మేం చేసిన ప్రయోగాలు దాన్ని నిర్ధారించాయి అన్నారు. ఇది మూడోది. మూడడుగులూ ఒక్క పేరాలో అయిపోయాయి. కాంతి గురించి ప్రాచీనులు ఏమన్నారు, న్యూటన్ ఏమన్నారు అనే చరిత్ర అందులో లేదు. కాంప్టన్ ఒక్కరే ఉన్నారు, ఎందుకంటే ప్రశ్న పుట్టింది అక్కడినుంచే.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. రామన్ ఎవరినీ తప్పుపట్టలేదు. ముందున్నవారి ఆలోచనను ఇంకో మెట్టు ఎక్కించారు. రెండో అడుగు వేయడానికి ఇదీ ఒక దారే అని స్వేల్స్ చెబుతారు. ఎదురు వాదించడం ఇంకో దారి. 1953లో డీఎన్ఏ నిర్మాణం మీద వాట్సన్, క్రిక్ రాసిన వ్యాసంలో ఆ దారి కనిపిస్తుంది. లైనస్ పాలింగ్, కోరీ ప్రతిపాదించిన మూడు గొలుసుల నిర్మాణాన్ని ముందు పెట్టి, అది ఎందుకు సరిపోదో రెండు కారణాలు చెప్పి, ఆ తర్వాత తమది పెట్టారు. అచ్చుకాకముందే పాలింగ్ బృందం తమ రాతప్రతిని చూడనిచ్చిందని మర్యాదగా చెప్పారు కూడా. మన దగ్గర చాలామంది విద్యార్థులు పెద్దవాళ్ల పరిశోధనను ప్రశ్నించడానికి జంకుతారు. గౌరవం తగ్గకుండా విభేదించడం ఎలాగో ఆ పేరా చదివితే అర్థమవుతుంది.

సరే, ఇప్పుడు మన నేలకు వద్దాం. ఉదాహరణకు మీ విషయం యాదాద్రి భువనగిరి జిల్లాలో చేనేత కుటుంబాల ఆడవాళ్ల శ్రమ అనుకుందాం. పోచంపల్లి చీర నేయాలంటే మగ్గం ఎక్కకముందే ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఇంట్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే, భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూసి ఆ పనికి యంత్రం కనిపెట్టారు, ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ విషయం మీద మామూలుగా వచ్చే మొదటి అధ్యాయం ఎలా ఉంటుందో మీకూ తెలుసు. ‘భారతదేశంలో వస్త్ర పరిశ్రమ సింధు నాగరికత కాలం నుంచే వర్ధిల్లింది.’ ఆ తర్వాత ఢాకా మస్లిన్, స్వదేశీ ఉద్యమం, గాంధీజీ, రాట్నం. పన్నెండో పేజీకి పోచంపల్లి వస్తుంది. ఇరవయ్యో పేజీకి ఆసు వస్తుంది. ఆడవాళ్లు ఎక్కడొస్తారో వెతుక్కోవాలి. అందులో తప్పుడు సమాచారం ఏమీ ఉండదు. కానీ చదివేవాళ్లకు ఈ పరిశోధకురాలు ఏం అడుగుతోందో తెలియదు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. ఊళ్లు తిరిగి, ఎండలో ఇళ్లముందు కూర్చుని సేకరించిన విలువైన సమాచారం ఎవరికైనా తెలిసిన చరిత్ర వెనక దాక్కుంటుంది.

అదే విషయాన్ని స్వేల్స్ పద్ధతిలో పెట్టి చూడండి. యంత్రం వచ్చాక ఆసు పనికి పట్టే సమయం తగ్గింది, నొప్పి తగ్గింది. ఇది తెలిసిన నేల. అయితే మిగిలిన ఆ సమయం ఎవరిదైంది? ఆమె విశ్రాంతికి దక్కిందా, ఇంకో చీర పనిలోకి పోయిందా, అదనంగా వచ్చిన కూలి ఎవరి చేతికి వెళ్తోంది? మీరు వెతికిన పరిశోధనల్లో దీనికి జవాబు దొరకలేదనుకోండి, అదే మీ చోటు. ‘అందుకే ఈ పరిశోధన ఫలానా ఊళ్లలో ఫలానా కుటుంబాల దినచర్యను పరిశీలిస్తుంది.’ రెండో పేజీ దాటకముందే మీ పరీక్షకులకు మీరెవరో తెలిసిపోయింది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ‘ఈ విషయం మీద ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు’ అనే వాక్యం మన థీసిస్‌లలో విపరీతంగా కనిపిస్తుంది. ఎవరూ చేయలేదన్నది దానంతటదే కారణం కాదు. చేయనవసరం లేకనే చేయలేదేమో! వైవాలో ఎవరైనా ఆ మాట అంటే మీ దగ్గర సమాధానం ఉండాలి. స్వేల్స్ 2004లో తన నమూనాను సవరించినప్పుడు, ఆ ఖాళీని పూరించడం ఎందుకు అవసరమో చెప్పడాన్ని రెండో అడుగులో చేర్చారు. కానీ కావాలంటే రాయొచ్చు, లేకపోతే లేదు అన్నట్టు వదిలేశారు. ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో విభేదిస్తాను. మన విద్యార్థులకు అది తప్పనిసరి చేయాలి. మన దగ్గర ‘పరిశోధన ఆవశ్యకత’ అని శీర్షిక ఎలాగూ ఉంది. దాని కింద ‘ఈ పరిశోధన సమాజానికి ఎంతో ఉపయోగం’ అని రాసి వదిలేయకుండా, ఈ జవాబు ఎవరికి కావాలి, అది లేకపోవడం వల్ల ఏం తేడా వస్తోంది అన్నది రాస్తే ఆ శీర్షికకు ప్రాణం వస్తుంది.

తెలుగు శాఖల్లో పరిశోధన చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ‘పూర్వ పరిశోధనలు’ అనే భాగం మన దగ్గర ఎక్కువగా పట్టికలా ఉంటుంది. ఫలానావారు ఫలానా సంవత్సరంలో ఫలానా విశ్వవిద్యాలయంలో ఈ శీర్షికతో ఎం.ఫిల్. పట్టా పొందారు, ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. వాళ్లు ఏం తేల్చారు? ఎక్కడ ఆగారు? ఇద్దరి మాటలకు పొంతన కుదరకపోతే ఎవరి వైపు సాక్ష్యం బలంగా ఉంది? ఇవేమీ ఉండవు. స్వేల్స్ 1981లో నాలుగు అడుగులు చెప్పారు, పూర్వ పరిశోధనల సమీక్ష విడి అడుగుగా ఉండేది. విషయ పరిచయాన్నీ ఆ సమీక్షనూ విడదీయడం కష్టమని తేలాక 1990లో రెండింటినీ కలిపేశారు. ఆ మార్పు చాలా విలువైనది. ముందటివారి మాటలు మీ ప్రశ్న వైపు నడిపించాలి, లేకపోతే వాటి చోటు గ్రంథసూచిలోనే.

మరి నమూనా ఎక్కడ తడబడుతుంది? ఇది వ్యాసాలను చూసి తయారైంది. వ్యాసం పరిచయం రెండు మూడు పేరాలు, థీసిస్ మొదటి అధ్యాయం ముప్పై పేజీలు. అంత పొడవులో మూడు అడుగులు ఒక్కసారి వేస్తే సరిపోదు. హాంకాంగ్‌లో డేవిడ్ బంటన్ పీహెచ్‌డీ గ్రంథాల పరిచయ అధ్యాయాలను పరిశీలించి 2002లో ప్రచురించారు. అక్కడ ఈ అడుగులు చక్రంలా మళ్లీ మళ్లీ వస్తాయని చూపించారు. మన ఉదాహరణలోనే చూడండి: చేనేతకు ఒకసారి, యంత్రాలకు ఒకసారి, ఆడవాళ్ల ఇంటి శ్రమకు ఒకసారి, ప్రతి చోటా తెలిసింది చెప్పి తెలియనిది చూపించాలి. పారిభాషిక పదాల నిర్వచనాలు, పరిధి–పరిమితులు, పరిశోధన పద్ధతి, అధ్యాయాల విభజన, వీటిలో చాలావాటికి నమూనాలో సరైన చోటు లేదు. మన విశ్వవిద్యాలయాలు అడుగుతాయి కాబట్టి ఇవి రాయాల్సిందే. పరిమితుల విషయంలో మాత్రం నిజాయితీగా ఉండండి. రెండే ఊళ్లు చూశారా, అదే రాయండి, ఆ రెండే ఎందుకో రాయండి.

ఇంకో లోపం, ఇది ఏం రాయాలో చెబుతుంది గానీ ఎప్పుడు రాయాలో చెప్పదు. నా సలహా: సినాప్సిస్ కోసం ఒకసారి రాయండి, మిగతా అధ్యాయాలు పూర్తయ్యాక మొదటి నుంచి మళ్లీ రాయండి. ఫీల్డ్‌లోకి వెళ్లాక ప్రశ్న మారుతుంది. మొదటి అధ్యాయం పాత ప్రశ్న అడుగుతూ చివరి అధ్యాయం కొత్త జవాబు చెబుతుంటే వైవాలో అందరూ పట్టుకునేది దాన్నే. ఆస్ట్రేలియాలో మల్లిన్స్, కైలీ అనుభవమున్న 30 మంది పరీక్షకులతో మాట్లాడి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. థీసిస్ నాణ్యత మీద వాళ్ల తొలి అభిప్రాయం మొదటి రెండు మూడు అధ్యాయాల్లోనే ఏర్పడిపోతుందని అందులో తేలింది. ఇది టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదు. రెండోసారి రాయడానికి సమయం పెట్టుకోమని చెబుతున్నాను.

కాపీ సంగతి కూడా చెప్పాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటి 40 లోపు ఉంటే ఆరు నెలల్లోపు సవరించి మళ్లీ సమర్పించాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సింధు నాగరికతతో మొదలయ్యే చరిత్ర పేజీలు అందరూ ఒకేచోట నుంచి తీసుకుంటారు కాబట్టి పోలిక అక్కడే సులువుగా పెరుగుతుంది. ఏఐతో రాయిస్తే సరిపోతుంది అనుకోవద్దు. అది లేని పుస్తకాలను, లేని వ్యాసాలను ఉన్నట్టుగా చూపించగలదు. ప్రతి ఆధారాన్నీ మీ కళ్లతో తెరిచి చూడాలి.

మొత్తం మీద నా తీర్పు. సైన్సులో వ్యాసాలు రాసేవాళ్లు కళ్లు మూసుకుని వాడుకోవచ్చు. సామాజిక శాస్త్రాలవాళ్లు మూడు అడుగులనూ చక్రంలా తిప్పుతూ వాడుకోండి. సాహిత్య పరిశోధకులు మొత్తం నమూనాను బలవంతంగా ఇరికించకండి, రెండో అడుగును మాత్రం తప్పక తీసుకోండి. ఒక కవి మీద పది థీసిస్‌లు ఉన్నచోట పదకొండోది ఎందుకో చెప్పగలిగేది ఆ అడుగే.

చివరిగా చేసి చూడాల్సిన పని ఒకటి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగలో మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి, చాలావరకు అధ్యాయాలవారీగా విడి ఫైళ్లుగా ఉంటాయి. మీ రంగంలో మూడు థీసిస్‌ల మొదటి అధ్యాయాలు దించుకోండి. రెండో అడుగు ఏ పేజీలో మొదలైందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఒకదాంట్లో అసలు దొరక్కపోతే, ఆ రచయిత సేకరించిన సమాచారం చూసి ఆ వాక్యం మీరే రాయడానికి ప్రయత్నించండి. తర్వాత మీ సొంత విషయానికి అదే వాక్యం రాసి కామెంట్‌లో పెట్టండి. చదివి, ఎక్కడ బిగించాలో చెబుతాను.