రోమా 8:28 చెప్పే ముందు

అక్క: ప్రభువు నామంలో అందరికీ వందనాలు. బైబిల్లో వచనాలు గీసుకుంటూ వినే మన పసుపు పెన్ను బ్యాచ్‌కి మరీ మరీ వందనాలు.

తమ్ముడు: ఈ వారం పేజీ ఫొటో కూడా పంపారక్కా.

అక్క: చూశాను, బాగా గీశారు. సరే, ఇవాళ రోమా 8:28: దేవుని ప్రేమించేవారికి సమస్తమూ మేలుకే సమకూడి జరుగుతాయి అనే వచనం. శ్రమలో దేవుని ఉద్దేశాన్ని ఎలా గుర్తుపట్టాలి? నువ్వే మొదలుపెట్టు.

తమ్ముడు: 28 ఒక్కటే చదివితే ‘అంతా మన మంచికే’ అన్నట్టు వినిపిస్తుంది. ఆ మేలు ఏమిటో 29లో ఉంది: కుమారునితో సారూప్యం, అంటే క్రీస్తులా మారడం. పోయిన ఉద్యోగం తిరిగొస్తుందని అక్కడ మాట ఇవ్వలేదు.

అక్క: ముందుకే కాదు, వెనక్కీ వెళ్లాలి. 22లో సృష్టి మూలుగుతోంది...

తమ్ముడు: వచ్చేసింది, అక్క ఎక్కడికెళ్లినా తగిలే ఇరవై రెండు!

అక్క: వచ్చింది మరి. 23లో మనం మూలుగుతున్నాం, 26లో ఆత్మ మూలుగుతున్నాడు. ఆ మూడూ అయ్యాకే 28. దుఃఖంలో ఉన్నవాళ్ల గుమ్మంలో అడుగుపెట్టగానే 28 అప్పజెప్పడం తప్పు.

తమ్ముడు: తప్పంటే ఒప్పుకోనక్కా. అది వాక్యం. వాక్యం కాకపోతే ఇంకేం చెప్తాం?

అక్క: యోబు స్నేహితుడు ఎలీఫజు మాటల్లోనూ సత్యం ఉంది కదా! యోబు 5:13ని పౌలు 1 కొరింథీ 3:19లో లేఖనంగా చూపించాడు. అయినా యోబు 42:7లో దేవుడు కోపపడింది ఆ ఎలీఫజు మీదే. పాపం చేశావు కాబట్టే ఈ కష్టం వచ్చిందని ఆ సత్యాన్ని యోబు మీద మోపాడు.

తమ్ముడు: మనం పాపం అనట్లేదు, ఉద్దేశం అంటున్నాం.

అక్క: వినేవాడికి రెండూ ఒకేలా తగులుతాయి. ‘నీ బిడ్డ పోవడంలో దేవునికో ఉద్దేశం ఉంది’ అంటే ఆ తల్లికి ఏం వినిపిస్తుంది? దేవునికి నా బిడ్డ కంటే ఆ ఉద్దేశమే ఎక్కువైంది అని. రెండోసారి మనం వెళ్తే తలుపు తీయదు.

తమ్ముడు: (కాసేపు ఆగి) ...అది నిజమే. కానీ యోసేపు? అన్నలే గోతిలో పడేసి అమ్మేశారు. ఆ అన్నలతో మాట, ఆదికాండం 50:20, ‘మీరు కీడు ఉద్దేశించారు, దేవుడు మేలుకే ఉద్దేశించాడు.’

అక్క: ఆ మాట అన్నదెవరు?

తమ్ముడు: యోసేపే.

అక్క: దెబ్బ తిన్నవాడే అన్నాడు. గోతిలో ఉన్నవాడికి పైనుంచి ఎవరూ చెప్పలేదు. లెక్క వెయ్యి: 17 ఏళ్లకు అమ్ముడుపోయాడు, 30కి ఫరో ముందు నిలబడ్డాడు. ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరువు అయ్యాక, 45వ అధ్యాయంలో, ‘దేవుడే నన్ను పంపాడు’ అన్నాడు. అప్పటికి 39.

తమ్ముడు: 39లోంచి 17 తీస్తే... అయ్యో, 22!

అక్క: నేనేం అనలేదు.

తమ్ముడు: అంకెలో మర్మమేమీ లేదక్కా.

అక్క: లేదు, కాలం ఉంది. 50:20 నాటికి తండ్రి యాకోబు ఐగుప్తులో మరో 17 ఏళ్లు బతికి చనిపోయాడు. అంటే యోసేపుకి దాదాపు 56. యోబుకైతే మొదటి రెండు అధ్యాయాల్లో దేవునికీ సాతానుకీ మధ్య జరిగిన మాటల సంగతి చివరిదాకా ఎవరూ చెప్పినట్టు లేదు. ఉద్దేశం తెలియకుండానే దేవుణ్ణి పట్టుకుని ఉండొచ్చు.

తమ్ముడు: మరి ఆ మధ్యకాలంలో ఏం చేయాలి? వినేవాళ్లకు చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

అక్క: కీర్తన 13 తీసుకోండి. ఆరే వచనాలు. 1, 2 ఫిర్యాదు. 3, 4 మనవి. 5, 6 నమ్మిక. గట్టిగా చదవండి. ‘ఎన్నాళ్లు’ అన్నచోట ఆగి, మీ కష్టాన్ని దాని పేరుతోనే చెప్పండి. ‘నా సమస్య’ అనొద్దు. ఈ అప్పు, ఈ స్కానింగ్ రిపోర్టు, ఈ ఖాళీ మంచం. తర్వాత ఒక్క మనవి, ఒక్క వాక్యంలో.

తమ్ముడు: ఎక్కడ చెడుతుందంటే, మనవాళ్లు మొదటిరోజే 5కి దూకుతారు. ‘అయినా స్తోత్రం’ అనేస్తారు. సణిగితే దేవునికి కోపం వస్తుందని భయం. లోపలిది లోపలే ఉండిపోతుంది, కొన్నాళ్లకు ప్రార్థనే ఆగిపోతుంది.

అక్క: అదే! అరణ్యంలో సణిగిన ఇశ్రాయేలీయులు దేవుణ్ణి వదిలి ఐగుప్తుకి మళ్లిపోదామనుకున్నారు. ఈ కీర్తనలో దావీదు దేవుని వైపు తిరిగే అడిగాడు.

తమ్ముడు: 5 నోటికి రాకపోతే?

అక్క: 4 దగ్గరే ఆపేయండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అయినా బైబిల్లోనే ఉంది. ఇక పరామర్శకు వెళ్లేవాళ్లు... ముందు కూర్చోండి. యోబు స్నేహితులు చేసిన మంచిపని ఆ ఏడు రోజుల మౌనమే. మూడో అధ్యాయంలో యోబు నోరు తెరిచేదాకా ఆగారు. ‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అని రాకండి, అడిగే ఓపిక వాళ్లకు ఉండదు. మందులు మీరే తెచ్చిపెట్టండి, పిల్లల్ని మీరే బడికి దింపండి. ఆ తర్వాత వాళ్లే 28 ఎత్తితే, అప్పుడు కలిసి చదవండి.

తమ్ముడు: నేను ‘తప్పు’ అన్న మాట దగ్గర ఇంకా ఆగే ఉన్నానక్కా. కొందరికి మొదటిరోజే ఆ వచనం నిలబడే బలం ఇస్తుంది.

అక్క: వాళ్లంతట వాళ్లు పట్టుకుంటే ఇస్తుంది. నేను వాళ్ల చేతిలో కుక్కితే కాదు.

తమ్ముడు: ...ఊఁ. టైమ్ అయిపోయింది. విలాపవాక్యములు అసలు ముట్టుకోలేదు.

అక్క: నాలుగు అధ్యాయాలు హెబ్రీ అక్షరాల వరసలో నడుస్తాయి. అక్షరాలెన్నో...

తమ్ముడు: చెప్పకండి!

అక్క: ఐదో అధ్యాయంలో వచనాలు అన్నే, వరస మాత్రం లేదు. అక్కడ ఏడుపుకి వరస తప్పింది. వచ్చేవారం అక్కడినుంచే